గ్యాసు బావులు - పల్లెల గాలి
(పంచాయతీ సభ్యులకు పాఠము)

పల్లెటూరి వంటయింట కట్టెల పొయ్యి స్థానమున గ్యాసు పొయ్యి వచ్చుట మన కాలమున జరిగిన మంచి మార్పులలో ఒకటి. పొగ వలన కన్నులు మండుట, దగ్గు, ఆయాసము మున్నగు బాధలు అనేక గృహములలో తగ్గినవి. 2016 లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము ద్వారా బీద కుటుంబముల స్త్రీలకును ఈ సౌకర్యము అందినది. కావున గ్యాసు మనకు శత్రువు కాదు. అయితే పట్టణములోని పొయ్యికి, కర్మాగారపు కొలిమికి, విద్యుత్కేంద్రమునకు చేరు సహజవాయువు ఎక్కడనో ఒకచోట భూగర్భము నుండి పైకి రావలెను. అది పైకి వచ్చుచోట సాధారణముగా పట్టణముండదు. పల్లె యుండును, లేదా ఆదివాసుల అడవి యుండును. వెలుగు ఒకరికి, పొగ మరియొకరికి చేరుచున్న ఈ విషయమును గురించియే ఈ పాఠము.

కొంతకాలము క్రిందట కోనసీమలో ఒక గ్రామసభకు ఈ రచయిత వెళ్ళుట తటస్థించినది. సభ ముగియు సమయమున ఒక వృద్ధురాలు లేచి, "వాసనొచ్చినప్పుడు భయపడతామండి బాబుగారూ, మరి రానప్పుడు ధైర్యంగా పడుకోవచ్చాండి?" అని అడిగినది. ఆనాడు సరియైన సమాధానము చెప్పుట సాధ్యము కాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా అది మనలను భూగోళము ఆవలి వైపునకు, కెనడా దేశపు ఆదివాసుల గ్రామములకు కొనిపోవును.

పీస్ నదీ ప్రాంతము

కెనడాలో పశ్చిమమున బ్రిటిష్ కొలంబియా అను రాష్ట్రము కలదు. దాని ఈశాన్య భాగమున, రాకీ పర్వతములకు తూర్పున, పీస్ నది ప్రవహించుచున్నది. ఫోర్ట్ సెయింట్ జాన్, డాసన్ క్రీక్, చెట్విండ్ అనునవి అచ్చటి చిన్న పట్టణములు. చుట్టును గోధుమ పొలములు, పశువుల బీళ్ళు, అడవులు, బురదనేలలు. ఆ అడవులలో వేట, చేపలు పట్టుట, ఉచ్చులు పన్ని బొచ్చు జంతువులను పట్టుట వృత్తిగా డనెజా మున్నగు ఆదివాసి జాతులు అనాదిగా జీవించుచున్నవి.

1899 లో కెనడా ప్రభుత్వము ఆ ప్రాంతపు ఆదివాసులతో ఒక ఒడంబడిక చేసికొన్నది. దానిని 8 వ ఒడంబడిక యందురు. ఫోర్ట్ సెయింట్ జాన్ పరిసరములలోని డనెజా జనులు 1900 లో అందు చేరినారు. వేట, చేపలు పట్టుట మున్నగు తమ వృత్తులను పూర్వమువలెనే సాగించుకొనవచ్చునని అందు వాగ్దానము కలదు. అయితే వలసలకు, గనులకు, కలపకు, వ్యాపారమునకు అవసరమైన భూములను ప్రభుత్వము ఎప్పటికప్పుడు తీసికొనవచ్చునను మాటయు అందే కలదు. ఈ రెండు మాటల నడుమనే తరువాతి నూరేండ్ల చరిత్ర నడచినది.

1957 లో టేలర్ అను ఊరివద్ద గ్యాసు శుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించినది. అదే సంవత్సరమున అచ్చటి గ్యాసును దక్షిణమునగల వాంకూవర్ నగరపు దిశగా కొనిపోవు పెద్ద గొట్టపు మార్గము పూర్తియైనది. ఈ శతాబ్దారంభము నుండి మరియొక పద్ధతి ప్రబలినది. భూమిలో మిక్కిలి లోతునగల రాతిపొరలలోనికి నీటిని, ఇసుకను, రసాయనములను అధిక పీడనముతో పంపి, రాతిని చీల్చి, అందు చిక్కుకొనియున్న గ్యాసును పైకి రప్పింతురు. దీనిని ఫ్రాకింగు అందురు. మాంట్నీ అను రాతిపొర ఈ పద్ధతికి అనుకూలమగుటచే బావుల సంఖ్య వేలకు చేరినది. నేడు డాసన్ క్రీక్ సమీపము నుండి పసిఫిక్ సముద్రతీరమునగల కిటిమాట్ వరకు 670 కిలోమీటర్ల గొట్టపు మార్గము కలదు. అచ్చట ద్రవరూపమునకు మార్చబడిన గ్యాసు 2025 నుండి ఓడలలో ఆసియా దేశములకు వెళ్ళుచున్నది.

గాలిలో కలియునవి ఏవి?

గ్యాసు బావి అనగా నేలలోని ఒక రంధ్రము మాత్రమే కాదు. బావి త్రవ్వు రిగ్గునకు, నీటిని పంపు యంత్రములకు పెద్ద డీజిలు ఇంజనులు కావలెను. ఇసుకను, నీటిని మోయుటకు వందలాది లారీలు తిరుగవలెను. వీని వలన నైట్రోజన్ ఆక్సైడులు, సూక్ష్మ ధూళి గాలిలో కలియును.

బావి నుండి వచ్చు గ్యాసులో తేమ యుండును. దానిని తీసివేయు యంత్రముల నుండి, నిలువ తొట్ల నుండి, వాడిన నీటి చెరువుల నుండి బెంజీను, టాలుయీను మున్నగు ఆవిరులు వెలువడును. గ్యాసును గొట్టములలో ముందునకు నెట్టు కంప్రెసరు కేంద్రములు రాత్రింబవళ్ళు పనిచేయుచుండును.

వాడుటకు వీలుకాని గ్యాసును ఎత్తైన గొట్టము చివర మండించి వేయుదురు. దీనినే ఫ్లేరు అందురు. మంటలో గ్యాసు అంతయు కాలిపోవునని చాలకాలము భావింపబడినది. నూటికి 98 పాళ్ళు కాలునని లెక్కలలో వ్రాసికొనుట వాడుక. అమెరికాలో విమానముల ద్వారా కొలిచి 2022 లో ప్రకటించిన పరిశోధనలో సగటున నూటికి 91 పాళ్ళు మాత్రమే నాశమగుచున్నట్లు తేలినది. కొన్ని ఫ్లేరులు ఆరిపోయియుండి గ్యాసును తిన్నగా గాలిలోనికి వదలుచుండుటయు ఇందుకు ఒక కారణము. కాగితముపై లెక్కకు, గాలిలో కొలతకు గల భేదము ఇట్టిది.

వీనిలో బెంజీను విషయమున ప్రత్యేక శ్రద్ధ అవసరము. అది రక్తమును ఉత్పత్తిచేయు మూలుగను దెబ్బతీయును; రక్త క్యాన్సరునకు కారణమగును. దీనికి సురక్షితమైన పరిమితి యని చెప్పదగినది ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయము. మన దేశమున 2009 లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఘనమీటరు గాలిలో బెంజీను సంవత్సర సగటు 5 మైక్రోగ్రాములకు మించరాదు.

వాసన కొలబద్ద కాదు

కొన్ని బావులలో గ్యాసుతోబాటు హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు కూడ వచ్చును. స్వల్పముగా ఉన్నప్పుడు అది కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేయును. గాలిలో పదిలక్షల పాళ్ళలో దాదాపు నూరు పాళ్ళకు చేరినచో ముక్కునకు వాసన పట్టు శక్తియే నశించును. అంతకు మించి పెరిగినచో ప్రాణాపాయము. కావున వాసన తగ్గినదనుకొను క్షణముననే ప్రమాదము పెరిగియుండవచ్చును. ఈ వాయువు గాలికంటె బరువైనది. పల్లపు ప్రదేశములలోనికి, లోయలలోనికి దిగి నిలిచియుండును.

1979 లో బ్లూబెర్రీ నది ఒడ్డున నివసించు డనెజా జనులకు ఇది అనుభవమునకు వచ్చినది. సమీపమునగల గ్యాసు బావి నుండి హైడ్రోజన్ సల్ఫైడు వెలువడి వారి ఇండ్లపైకి దిగగా, వారు ఊరు విడిచి పారిపోవలసి వచ్చినది. బావి స్థలమును నిర్ణయించినవారు మ్యాపు చూచినారేగాని, లోయలో నిదురించు పిల్లలను గూర్చి తలపలేదు.

బెంజీను సంగతి మరియొక విధము. దాని తీపి వాసన మన ముక్కునకు తెలియు సరికే అది ప్రమాణమునకు ఎన్నోరెట్లు మించియుండును. కోనసీమ వృద్ధురాలి ప్రశ్నకు సమాధానమిదియే. వాసన వచ్చుట హెచ్చరిక. వాసన రాకపోవుట మాత్రము అభయము కాదు. గాలిని యంత్రముతో కొలువవలెను.

గర్భిణీ స్త్రీల పరీక్ష

2016 లో పరిశోధకులు చెట్విండ్, డాసన్ క్రీక్ ప్రాంతములందలి 29 మంది గర్భిణీ స్త్రీల మూత్రమును వరుసగా ఐదు దినములు పరీక్షించినారు. వారిలో దాదాపు సగముమంది ఆదివాసి స్త్రీలు. శరీరములో ప్రవేశించిన బెంజీను మ్యూకోనిక్ ఆమ్లమను పదార్థముగా మారి మూత్రమున వెలువడును. దేశప్రజల సాధారణ స్థాయితో పోల్చగా ఈ పదార్థము ఆ స్త్రీలలో మధ్యస్థముగా మూడున్నర రెట్లు కనిపించినది. ఆదివాసి స్త్రీలను మాత్రమే తీసికొన్నచో దాదాపు ఆరు రెట్లు.

ఇచ్చట నిదానముగా ఆలోచింపవలెను. ఇరువది తొమ్మిదిమంది అనగా చిన్న సంఖ్య. పొగాకు పొగ వలనను, నిలువయుంచు ఆహారములలో కలుపు ఒక పదార్థము వలనను కూడ మ్యూకోనిక్ ఆమ్లము పెరుగవచ్చును. ఇంతమాత్రముచే గ్యాసు బావులే కారణమని తీర్పు చెప్పుట తగదని పరిశోధకులే ఎరుగుదురు. అందువలన 2019 లో 85 మంది గర్భిణీ స్త్రీలతో మరియొక పరిశోధన జరిపి, వారి ఇండ్లలోని గాలిని, త్రాగునీటిని కూడ పరీక్షించినారు. అయితే వేలకొలది బావులు త్రవ్విన పిదప తల్లుల శరీరములలో ఏమున్నదో మొదటిసారిగా చూచుట ఎంత ఆలస్యమో గమనింపుడు. కొలత ముందు, త్రవ్వకము తరువాత అను క్రమము తారుమారైనది.

ఎంత దూరమున ఎంత ప్రభావమను ప్రశ్నకు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రము నుండి కొంత సమాధానము దొరకుచున్నది. అచ్చట 2004 మొదలు 2013 వరకు జరిగిన 11 లక్షలకు పైగా జననములను పరిశీలించి 2017 లో ఫలితములు ప్రకటించినారు. ఫ్రాకింగు బావికి ఒక కిలోమీటరు లోపల నివసించు తల్లులకు తక్కువ బరువుగల శిశువులు పుట్టు అవకాశము 25 శాతము అధికముగా కనిపించినది. మూడు కిలోమీటర్లు దాటిన పిదప అట్టి ప్రభావమేదియు కనిపించలేదు. అనగా దూరమే రక్షణ. ఆ దూరమును నిర్ణయించు సభలో గ్రామమునకు స్థానము లేనిచో, ఆ రక్షణయు లేనట్లే.

భారము ఏల సమానము కాదు?

ఒకే గాలిని అందరును పీల్చుచుండగా ఈ భేదమేల కలుగుచున్నది? కారణములు నాలుగు.

మొదటిది స్థలము. భూమి చౌకగానుండి, జనము పలుచగానుండి, ఎదిరించువారు తక్కువగానున్నచోట బావులు త్రవ్వుట సులభము.

రెండవది జీవనవిధానము. కార్యాలయములో పనిచేయువాడు తలుపులు మూసికొని కూర్చుండును. పొలమున పనిచేయు రైతు, అడవిలో తిరుగు వేటగాడు, కాయలు ఏరుకొను స్త్రీ దినమంతయు ఆ గాలిలోనే యుందురు. కుటుంబమును పోషించు జంతువులు, చేపలు, ఫలములు సైతము ఆ ప్రాంతమువే.

మూడవది కొలత. గాలిని కొలుచు కేంద్రములను సాధారణముగా పట్టణములలో నెలకొల్పుదురు. కొలువని చోట కాలుష్యము లెక్కలోనికి రాదు. లెక్కలోనికి రానిది నివేదికలోనికి రాదు.

నాలుగవది లాభము. గ్యాసు దూరదేశమునకు పోవును. ఆదాయము రాజధానికిని, వ్యాపార సంస్థలకును పోవును. ఉద్యోగములు కొన్ని స్థానికులకు లభించుట నిజమే. పీస్ ప్రాంతపు ఆదివాసులలో గ్యాసు పనులు చేయువారును, ఆ పనులను కోరువారును కలరు. వారి కోరిక గ్యాసు పూర్తిగా ఆగిపోవలెనని కాదు. తమను అడుగకుండ తమ ఇంటి ముందు నిర్ణయములు జరుగరాదనియే వారి వాదము.

దస్తావేజులోని ఒక పొరపాటు

పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనదగిన కథ యిది. డనెజా జనులకు ఫోర్ట్ సెయింట్ జాన్ సమీపమున దాదాపు 18 వేల ఎకరముల రిజర్వు భూమి యుండెడిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైనికులకు భూములు పంచుటకై 1945 లో ఆ రిజర్వును ప్రభుత్వము వారి నుండి తీసికొన్నది. 1948 లో సైనికుల భూమి శాఖకు 70 వేల డాలర్లకు అమ్మకము జరిగినది. ఆదివాసులకు మరియొకచోట అంతకంటె చిన్నవైన స్థలములు కొని యిచ్చినారు.

భూమిని అమ్మునప్పుడు భూగర్భ ఖనిజముల హక్కును ఆదివాసుల పేర నిలుపుట ప్రభుత్వపు వాడుక. ఆ దస్తావేజులో మాత్రము ఖనిజహక్కును మినహాయించు మాట వ్రాయుట మరచినారు. తరువాత పొరపాటు తెలిసినది. సరిదిద్దు అధికారము చట్టమున ఉండియు ఎవ్వరును సరిదిద్దలేదు. 1976 లో ఆ భూమిలో చమురు, గ్యాసు బయల్పడినవి. ఆ సంపద ఆదివాసులకు కాక ఇతరులకు చేరినది. 1978 లో వారు వ్యాజ్యము వేసినారు. 1995 లో కెనడా అత్యున్నత న్యాయస్థానము ప్రభుత్వము తన ధర్మకర్తృత్వమును నెరవేర్చలేదని తీర్పు చెప్పినది. 1998 లో 14 కోట్ల 70 లక్షల డాలర్ల పరిహారముతో వివాదము ముగిసినది. ఒక్క వాక్యము వ్రాయని లోపమును సరిదిద్దుటకు ఏబది సంవత్సరములు పట్టినది.

2021 తీర్పు

బ్లూబెర్రీ నది జనులే 2015 లో మరియొక వ్యాజ్యమును తెచ్చినారు. ఒక బావికి, ఒక రోడ్డునకు, ఒక గొట్టపు మార్గమునకు విడివిడిగా అనుమతులిచ్చుచు, వాని మొత్తము ప్రభావమును ఎవ్వరును చూచుట లేదని వారి ఫిర్యాదు. న్యాయస్థానము ముందుంచిన లెక్కల ప్రకారము వారి ప్రాంతములో 85 శాతము భూమి ఏదో యొక పారిశ్రామిక కార్యకలాపమునకు 250 మీటర్లలోపుననే యున్నది. ఇందు గ్యాసు పనులతోబాటు రోడ్లు, కలప నరకుట మున్నగునవియు చేరినవి.

2021 జూన్ 29 న బ్రిటిష్ కొలంబియా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. చిన్న చిన్న అనుమతులు కూడికూడి ఒడంబడిక హక్కులను భంగపరచినవని, ఇకపై అట్టి అనుమతులు ఇయ్యరాదని, ఉభయులును కూర్చుండి మార్గము వెదకవలెనని ఆదేశించినది. రాష్ట్రప్రభుత్వము పై న్యాయస్థానమునకు పోలేదు. 2023 జనవరి 18 న ఉభయులకు ఒప్పందము కుదిరినది. చెడిన భూమిని బాగుచేయుటకు 20 కోట్ల డాలర్ల నిధి, క్రొత్తగా గ్యాసు పనులకు వినియోగింపదగిన భూమికి సంవత్సరమునకు 750 హెక్టార్ల పరిమితి అందలి ముఖ్యాంశములు. ఇందువలన గాలి వెంటనే శుభ్రమైనదని చెప్పజాలము. కాని మొత్తము లెక్క చూడవలెనను సూత్రము స్థిరపడినది.

మన ప్రాంతమునకు ఇందలి పాఠము

కృష్ణా గోదావరి పరీవాహక ప్రాంతమున గ్యాసు బావులు కొబ్బరితోటల నడుమనే యున్నవి. 1995 జనవరి 8 న పాశర్లపూడి వద్ద బావి ప్రజ్వరిల్లి, 65 దినములు మండినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామమున గొట్టపు మార్గము నుండి వెలువడిన గ్యాసు అంటుకొని ఇరువదిమందికి పైగా మరణించినారు. ఈ రెండును అందరి కంటబడిన ప్రమాదములు. కంటబడని నిత్యపు గాలిని గూర్చి అడుగువారు తక్కువ. అడుగుట పంచాయతీ బాధ్యత. అందుకు మార్గములు కలవు.

1. గ్రామపటముపై బావులు, ఫ్లేరులు, కంప్రెసరు కేంద్రములు, గొట్టపు మార్గములు గుర్తింపుడు. వానికి సమీపమునగల బడులు, అంగన్వాడీలు, ఇండ్లు ఎంత దూరమున ఉన్నవో కొలిచి వ్రాయుడు. ఒక్కొక్క బావిని కాక మొత్తమును చూడుడు.

2. పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము ఉంచుడు. వాసన వచ్చిన తేదీ, వేళ, గాలి వీచు దిక్కు, ఫ్లేరు స్థితి, ఎవరికేమి బాధ కలిగినదో అందు వ్రాయింపుడు. నోటిమాట మరునాటికి మాయమగును, వ్రాత నిలుచును.

3. గాలిని గ్రామములోనే కొలువవలెనని, బెంజీనును కూడ చేర్చవలెనని తీర్మానము చేసి కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరుగారికి పంపుడు. ఫలితములను తెలుగులో గ్రామసభ యెదుట చదివింపుడు.

4. గర్భిణీ స్త్రీలు, నెలలు నిండకుండ పుట్టిన శిశువులు, బరువు తక్కువగల శిశువుల వివరములు ఆరోగ్య కార్యకర్తల వద్ద నుండును. పేర్లు బయటపెట్టకుండ, సంఖ్యలను సంవత్సరము వారీగా గమనింపుమని వైద్యాధికారిని కోరుడు.

5. గ్యాసు వెలువడినచో నిప్పు వెలిగింపరాదు. మోటారు, విద్యుత్ మీట ముట్టరాదు. గాలి వీచు దిశకు అడ్డముగా దూరముగా పోవలెను. కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చినచో పల్లమునకు దిగరాదు, మెరకకు పోవలెను. ముసలివారిని, నడువలేనివారిని ఎవరు తీసికొనిపోవలెనో ముందే నిర్ణయింపుడు.

6. 2006 పర్యావరణ ప్రకటన ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ జరుగు సందర్భములలో సభకు ముందే నివేదికను సంపాదించి చదువుడు. అభ్యంతరములను వ్రాతపూర్వకముగా సమర్పించి రసీదు పొందుడు. షెడ్యూల్డు ప్రాంతములలో 1996 పెసా చట్టము గ్రామసభకు ప్రత్యేక స్థానమిచ్చినది, దానిని వినియోగించుకొనుడు.

7. భూమికి, గొట్టపు మార్గమునకు సంబంధించిన ప్రతి ఒప్పందపు నకలును పంచాయతీలో భద్రపరచుడు. సంతకమునకు ముందు చదివించి వినుడు. మరచిన ఒక్క వాక్యపు వెల డనెజా జనులకు తెలియును.

గ్యాసు దేశమునకు అవసరము. అయితే దేశమునకు వెలుగునిచ్చు పల్లె తన బిడ్డల ఊపిరిని వెలగా చెల్లింపనక్కరలేదు. వృద్ధురాలి ప్రశ్నకు మన పంచాయతీలు కొలతతో, వ్రాతతో, తీర్మానముతో సమాధానము చెప్పిననాడు ఆమె ధైర్యముగా నిదురింపగలదు.

గ్రామసభలో చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమునకు అతి సమీపమునగల బావి లేదా ఫ్లేరు ఎంత దూరమున ఉన్నది?
2. మన గ్రామపు గాలిని చివరిసారిగా ఎవరు, ఎప్పుడు కొలిచినారు? ఫలితము మనకు తెలియునా?
3. పొలము, తోట, చెరువు పనులలో దినమంతయు బయట గడుపువారు ఎవరు? మన తీర్మానములలో వారి మాట వినబడుచున్నదా?
4. గ్యాసు సంస్థలతో జరిగిన ఒప్పందముల నకళ్ళు పంచాయతీ వద్ద ఉన్నవా?